లివర్ క్యాన్సర్ - ఒక్క అంకె జాతకం కాదు

"ఎ.ఎఫ్.పి. 640 వచ్చిందండీ. నాన్నగారు ఇంకెన్నాళ్లుంటారు డాక్టరుగారూ?"

ఓ.పి.లో నా బల్లమీద కాగితం పెట్టి ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. తండ్రిని బయట వరండాలో కూర్చోబెట్టి వచ్చాడు. స్కాన్, తక్కిన రక్తపరీక్షల కాగితాలేవీ అంటే, "అవి పాతవండీ, ఇంట్లో ఉన్నాయి" అన్నాడు. నాకు కావలసినవి అవే!

ఎ.ఎఫ్.పి. అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. తల్లి కడుపులోని శిశువు కాలేయం తయారుచేసే మాంసకృత్తు. పుట్టిన తరువాత క్రమంగా తగ్గిపోతుంది. పెద్దవాళ్ల రక్తంలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు దాటదు. క్యాన్సర్ సోకిన లివర్ కణాలు దీన్ని మళ్లీ తయారుచేయవచ్చు. 1963లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆబెలెవ్ ఎలుకలలో, ఆ మరుసటి ఏడు టాటారినోవ్ రోగులలో ఈ సంగతి గమనించారు.

చికిత్సకు ముందే ఇది 400 దాటి ఉంటే జబ్బు దూకుడుగా ఉన్నదనీ, తిరగబెట్టే భయం ఎక్కువనీ మేము జాగ్రత్తపడతాము. అంతవరకు నిజమే. కాని ఈ క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి ఇది పెరగనే పెరగదు. గర్భిణులకూ, వైరస్ వల్ల లివర్ వాచినవారికీ క్యాన్సర్ లేకుండానే పెరగవచ్చు. కనుక నార్మల్ అని స్కాన్ మానెయ్యడమూ పొరపాటే, 640 అని వైద్యం మానెయ్యడమూ పొరపాటే.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఈ రోగులలో చాలామందికి కంతి పుట్టక ముందే లివర్ గట్టిపడి ఉంటుంది. దానినే సిరోసిస్ అంటారు. కంతిని కోసి తీసినా, సూదితో కాల్చినా, రక్తనాళం గుండా మందు పంపినా మిగిలిన లివర్ తట్టుకోవాలి కదా! తట్టుకుంటుందా లేదా చెప్పేవి ఎ.ఎఫ్.పి. కంటే చవకైన పరీక్షలే. బిలిరుబిన్ 2 మిల్లీగ్రాముల లోపు, ఆల్బుమిన్ 3.5 గ్రాములకు పైన ఉంటే కొంత ధైర్యం. బిలిరుబిన్ 3 దాటి, ఆల్బుమిన్ 2.8 కంటె దిగజారి, రక్తం గడ్డకట్టడం ఆలస్యమై, పొట్టలో నీరు కూడా చేరితే చిన్న కంతికైనా పెద్ద వైద్యం చేయడానికి మాకు చెయ్యాడదు.

ఇంకొక మాట. ఒకసారి వచ్చిన అంకె కంటె అది ఎటు నడుస్తున్నదన్నది ముఖ్యం. కంతి పూర్తిగా తీసేస్తే ఎ.ఎఫ్.పి. కొద్ది వారాలలో దిగిపోవాలి. దిగినది మళ్లీ ఎక్కుతుంటే, మనిషి కులాసాగా ఉన్నా స్కాన్ తీయించాలి. వీలైనంతవరకు ఒకే లాబొరేటరీలో చేయించండి. పాత కాగితాలు పారేయకండి, అన్నీ తేదీల వరసన ఒక ఫైలులో పెట్టండి.

కుర్రవాడు మర్నాడు కాగితాలన్నీ తెచ్చాడు, ఈసారి తండ్రిని కూడా లోపలికి తీసుకువచ్చాడు. బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.7, కంతి ఒక్కటే, 3 సెంటీమీటర్లు. వెంటనే సర్జనుకు చీటీ రాశాను. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు ఎ.ఎఫ్.పి. 6 వచ్చింది. "ఇక రానక్కరలేదాండీ?" అన్నాడు పెద్దాయన. మూడు నెలలకొకసారి తప్పకుండా రావాలన్నాను.