చేతిలో పని ఉంది, చేతిలో కాగితం లేదు: విదేశీ నైపుణ్య పరీక్ష ముందు రామగుండం కూలి

2024 మే నెలలో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో నాలుగు రోజుల పాటు ఒక పరీక్ష జరిగింది. అది పెన్నుతో రాసే పరీక్ష కాదు, పని చేసి చూపించే పరీక్ష. సెంట్రింగ్ కొట్టాలి, సలాక వంచాలి, టైల్స్ పరచాలి, గోడకు గిలాబు చేయాలి. పని ఇజ్రాయెల్‌లో. నెలకు సుమారు 1.37 లక్షల రూపాయల వరకు జీతం అని ప్రచారం జరిగింది. కేంద్రం తరఫున జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఎన్ఎస్‌డీసీ), రాష్ట్రం తరఫున టామ్‌కామ్ దీన్ని నడిపించాయి. 2,209 మంది వస్తే 905 మంది ఎంపికయ్యారని ప్రకటించారు.

ఆ 905 మంది గురించి పత్రికలు రాశాయి. మిగిలిన 1,304 మంది గురించి ఎవరూ రాయలేదు. పది మందిలో దాదాపు ఆరుగురు బస్సెక్కి వెనక్కి వెళ్లారు. వాళ్లందరికీ పని రాదా? లేక వాళ్లకు వచ్చిన పనిని ఆ పరీక్ష చూడలేకపోయిందా? బొగ్గు గనుల ప్రాంతంలో పనిచేసే మనకు ఈ ప్రశ్న ముఖ్యం. ఎందుకంటే గల్ఫ్‌కైనా, మరో దేశానికైనా ఇకముందు దారి ఈ పరీక్ష గుండానే పోతుంది.

రామగుండం నుంచి ఎందుకు పోతున్నారు

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కలే. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, వీఆర్ఎస్‌లు వచ్చాయి. తట్ట నింపిన ఫిల్లర్ల కొడుకులకు గని ఉద్యోగం అందకుండా పోయింది. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు కూలీలయ్యారు.

తర్వాత కొన్నేళ్లు రామగుండంలో కట్టుబడి పని దండిగా దొరికింది. 2016 ఆగస్టులో ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టుకు, మూతపడిన ఎరువుల కర్మాగారం పునరుద్ధరణకు శంకుస్థాపన చేశారు. ఎరువుల కర్మాగారాన్ని 2022 నవంబరులో జాతికి అంకితం చేశారు. 800 మెగావాట్ల విద్యుత్ యూనిట్లు రెండింటిలో ఒకటి 2023 అక్టోబరులో, రెండోది 2024 మార్చిలో ప్రారంభమయ్యాయి. ప్రారంభోత్సవం అంటే పాలకులకు పండుగ. కట్టిన కూలీకి మాత్రం అది పని అయిపోయిన రోజు. రెండో యూనిట్ మొదలైన రెండు నెలలకే మల్లేపల్లి పిలుపు వచ్చింది.

ఏళ్ల తరబడి ఎత్తయిన కట్టడాల మీద సెంట్రింగ్ కొట్టినవాళ్లు, టన్నుల కొద్దీ సలాక కట్టినవాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. పని రాదని వాళ్లను ఎవరూ అనలేరు. చిక్కంతా ఆ పనికి రుజువు దగ్గరే.

పరీక్ష ఏం కొలుస్తుంది

మన దగ్గర పనిమంతుణ్ణి తేల్చేది మేస్త్రీ కన్ను. నాలుగు రోజులు పనిలో పెట్టుకుంటాడు, చూస్తాడు, కూలి పెంచుతాడు. విదేశీ పరీక్షకు ఆ ఓపిక లేదు. ఉన్న కొద్ది సమయంలోనే తేల్చేస్తుంది. అందుకే అది కొన్ని విషయాలనే చూస్తుంది.

మొదటిది డ్రాయింగ్. సలాక పనిలో ఏ సైజు సలాక, ఎన్ని ముక్కలు, ఎంత పొడవు, రింగుల మధ్య ఎంత దూరం అన్నది కాగితం మీద ఉంటుంది. మన సైట్లలో ఆ కాగితం ఇంజనీరు చేతిలోనో మేస్త్రీ చేతిలోనో ఉంటుంది. కూలీకి అందేది నోటి మాట: "ఇంత కొయ్యి, ఇట్ల వంచు." పదేళ్లు వంచినా డ్రాయింగ్ ముట్టుకోనివాళ్లు ఉంటారు. రెండోది కొలత. మనం అడుగులు, అంగుళాల్లో ఆలోచిస్తాం. అక్కడ అంతా మిల్లీమీటర్లే. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు అన్న లెక్క నోటికి రాకపోతే చేయి తడబడుతుంది. మూడోది సవ్యత. గోడ నిలువు, టైల్స్ మట్టం, మూల కోణం ఇవన్నీ తూకం గుండు, రసమట్టం, మూలమట్టంతో పెట్టి చూస్తారు. నాలుగోది భద్రత. హెల్మెట్ పెట్టుకున్నాడా, ఎత్తు మీద బెల్టు తగిలించాడా, పనిముట్లు ఎక్కడంటే అక్కడ పడేశాడా అన్నది కూడా మార్కే. కాంట్రాక్టరు ఏనాడూ బెల్టు ఇవ్వని మనిషికి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ నాలుగింటిలో పూర్తిగా చేతి నైపుణ్యమని చెప్పగలిగేది ఒక్కటే. మిగిలిన మూడూ చదువుకు, అవకాశానికి, యజమాని బాధ్యతకు సంబంధించినవి. పరీక్షలో పోయినవాణ్ణి "పని రానివాడు" అనే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏ కాగితం ఎక్కడ చెల్లుతుంది

మూడు రకాల పరీక్షలను కలిపేసి చెప్పి ఏజెంట్లు మోసం చేస్తుంటారు. విడివిడిగా తెలుసుకుందాం.

ఒకటి, దేశంలో ఇచ్చే సర్టిఫికెట్. బడిలో కాకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతిని ఆర్‌పీఎల్ అంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది భాగమైంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) కూడా తాపీ, సెంట్రింగ్, సలాక, ప్లంబింగ్ లాంటి పనుల్లో శిక్షణ ఇస్తుంది. ఈ సర్టిఫికెట్లు మనిషికి బలమే. కానీ విదేశీ పరీక్షకు బదులుగా చెల్లవు.

రెండు, ఒక దేశం తనకు తానుగా పెట్టుకున్న పరీక్ష. సౌదీ అరేబియా స్కిల్ వెరిఫికేషన్ ప్రోగ్రాం ఇటువంటిది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ లాంటి వృత్తులతో మొదలై జాబితా పెరుగుతూ వచ్చింది. రాత, పని రెండూ చూస్తారు. పాసైతేనే ఆ వృత్తి పేరుతో వీసా. 2025లో సౌదీ ప్రభుత్వం విదేశీ కార్మికుల వర్క్ పర్మిట్లను ఉన్నత నైపుణ్యం, నైపుణ్యం, ప్రాథమికం అని మూడు తరగతులు చేసింది. చదువు, అనుభవం, జీతం, వయసు లాంటివి చూసి ఏ తరగతో తేలుస్తారు. కాగితం లేని మేస్త్రీ అక్కడ కూలీల తరగతిలో పడే ప్రమాదం ఉంది.

మూడు, యజమాని లేదా ఏజెంటు పెట్టే ట్రేడ్ టెస్ట్. దీనికి ప్రభుత్వ గుర్తింపుతో పని లేదు. ఆ ఒక్క ఉద్యోగానికే చెల్లుతుంది. "మా దగ్గర టెస్ట్ పాసైతే ఏ దేశమైనా పోవచ్చు" అని ఎవరైనా అంటే అది అబద్ధం.

కులం ఎక్కడుంది

పరీక్ష హాల్లో కులం అడగరు. కులం అంతకు ఇరవై ఏళ్ల ముందే తన పని చేసి ఉంటుంది.

సైటు మీద పని ఒక నిచ్చెన. కింద మెట్టు మీద మట్టి తవ్వేవాళ్లు, మాలు కలిపేవాళ్లు, తట్ట మోసేవాళ్లు. పై మెట్టు మీద తాపీ పట్టేవాడు. ఆ పైన డ్రాయింగ్ చదివేవాడు. కింది నుంచి పైకి ఎక్కించేది మేస్త్రీ. అతను తాపీ చేతికిచ్చి నేర్పేది ఎక్కువగా తన తమ్ముడికో, బామ్మర్దికో, తన కులపోడికో. మాదిగ, మాల పిల్లలు ఆ వరుసలో చివర నిలబడతారు. నేర్చుకున్నా దొంగచాటుగా, మేస్త్రీ అన్నం తినే టైములో నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. కులం పనినే కాదు, పనిచేసే మనుషులనూ మెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో వాదించారు. ఏ సైటుకు పోయినా ఆ మెట్లు కంటికి కనిపిస్తాయి.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. ఇరవై ఏళ్లు మాలు కలిపిన అక్కకు ఇసుక, సిమెంటు పాళ్లు చూపుతోనే తెలుస్తాయి. అయినా ఆమె పేరు ముందు "కూలి" అన్న మాటే ఉంటుంది. పరీక్ష పెట్టే వృత్తుల జాబితాలో ఆమె చేసే పనికి పేరే లేదు.

అందుకే ఈ పరీక్షను రెండు వైపుల నుంచి చూడాలి. మేస్త్రీ దయ లేకుండా నేరుగా తన పని చూపించుకునే వీలు దళిత కార్మికుడికి ఇక్కడ దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. అదే సమయంలో, చదువు అందనివాణ్ణి డ్రాయింగ్ దగ్గర ఆపేసి పాత అన్యాయానికి కొత్త ముద్ర కూడా వేస్తుంది.

అడగాల్సిన కాగితం ఒకటుంది

పరీక్షకు పోవాలంటే అనుభవానికి రుజువు కావాలి. "కాంట్రాక్టరు ఏమీ ఇయ్యలే" అన్నది చాలామంది జవాబు. ఇవ్వడం అతని దయ కాదు, బాధ్యత. కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనలు, 1971 ప్రకారం పని ముగిసినప్పుడు కాంట్రాక్టరు సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ పని చేశాడో అందులో ఉండేది. 2020 వృత్తి భద్రత కోడ్ కూడా, కార్మికుడు అడిగితే చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలని చెబుతుంది. రామగుండంలో ఇన్నేళ్లు పనిచేసినవాళ్లలో ఆ కాగితం చూసినవాళ్లు ఎందరు?

అది లేకపోతే పీఎఫ్ ఖాతా వివరాలు, గేట్ పాసులు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు దాచుకోవాలి. బోర్డు కార్డుకు 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజుల కట్టుబడి పని ఉంటే చాలు. నమోదు చేసేటప్పుడు "కూలి" అని కాకుండా సెంట్రింగ్, సలాక, సుతారి అని అసలు పని పేరు రాయించాలి.

పోయే ముందు

రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించితే నేరం. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో ముందే చూడాలి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. వాళ్లు సౌదీ, కువైట్, ఖతర్, యూఏఈ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. దాంతో పాటే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. విజిట్ వీసా మీద పోతే ఈ రక్షణ ఏదీ ఉండదు.

ఆ 18 దేశాల్లో ఇజ్రాయెల్ లేదు. అంటే యుద్ధం చూసిన దేశానికి పోయేవాడికి ఈ క్లియరెన్స్, దాంతో వచ్చే బీమా తప్పనిసరి కాదు. పైగా 2023 అక్టోబరు తర్వాత పాలస్తీనా కార్మికుల పర్మిట్లు ఆపేసి ఖాళీ చేసిన చోట్లలోకే మనవాళ్లను పిలిచారు. దేశంలోని కార్మిక సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. ఒక అణగారిన కూలీ కడుపు కొట్టి ఇంకో అణగారిన కూలీకి అన్నం పెట్టే ఏర్పాటును ప్రశ్నించాల్సిందే. ప్రశ్నించాల్సింది మాత్రం పోయినవాణ్ణి కాదు, ఊళ్లో పని లేకుండా చేసినవాళ్లను.

మన పని

విద్యార్థులు ఇవాళే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలు సాయంత్రాలు బస్తీల్లో కూర్చుని డ్రాయింగ్ చదవడం, మిల్లీమీటర్ల లెక్క నేర్పగలరు. చేయి తిరిగిన మనిషికి అది ఎక్కువ కాలం పట్టదు. సంఘాలు కాంట్రాక్టర్ల దగ్గర సర్వీస్ సర్టిఫికెట్లు అడిగించాలి, ఇవ్వకపోతే కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించాలి.

ప్రభుత్వం ముందు పెట్టాల్సిన డిమాండ్లు మూడు. పరీక్ష కోసం హైదరాబాద్ దాకా రానివ్వకుండా రామగుండంలోనే ఉచిత పరీక్షా కేంద్రం, దానికి ముందు డ్రాయింగ్, భద్రత శిక్షణ పెట్టాలి. దళిత కార్మికుల పరీక్ష ఫీజు, ప్రయాణం, పోగొట్టుకున్న రోజు కూలి 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద భరించాలి. ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పోయారు, ఎందుకు పోయారు అన్న లెక్కను కులం, జిల్లాల వారీగా బయటపెట్టాలి.

ఆ 1,304 మంది ఎవరో, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో తెలిస్తేనే మళ్లీ పరీక్ష పెట్టేనాటికి వాళ్లను దాటించగలం.