పొగాకు లేదంటే ముప్పు లేనట్టేనా?

‘గుట్కా ఎప్పుడో మానేశా. ఇప్పుడు ఉత్త పాన్‌మసాలానే, ఇందులో పొగాకు లేదు.’ మేడ్చల్ నుంచి కండ్లకోయ దాకా కాలేజీల ముందు, శామీర్‌పేట–తుర్కపల్లి దారిలో కంపెనీల గేట్ల దగ్గర పాన్‌డబ్బాల ముందు నిలబడే కుర్రాళ్ల ధీమా ఇది. ఎన్నో నోళ్లను పాడుచేస్తున్నది ఈ ధీమాయే.

ప్యాకెట్లో పొగాకు లేకపోవచ్చు, కానీ వక్క ఉంది. వక్క దానంతట అదే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. పొగాకును పెట్టిన మొదటి వర్గంలోనే దాన్నీ పెట్టింది. వక్కలోని అరెకోలిన్ బుగ్గల లోపలి పొరను నారలా బిగదీస్తుంది. మొదట కారం తగిలితే నోరు మండుతుంది, ఆవకాయ ముద్ద దిగదు. తర్వాత బుగ్గలు బిరుసెక్కి, నోరు తెరుచుకోవడం తగ్గుతూ పోతుంది. ఈ జబ్బు పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ఒకసారి బిగుసుకున్న పొర మళ్లీ మునుపటిలా కాదు. కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది.

మరి ఈ అపోహ ఎక్కణ్నుంచి పుట్టింది? ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో కేంద్ర నిబంధన వచ్చింది. రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. దాంతో గుట్కా రెండు ప్యాకెట్లయింది: ఒకదాంట్లో మసాలా, ఇంకోదాంట్లో పొగాకు. రెండూ ఒకే డబ్బాలో దొరుకుతాయి, అరచేతిలో కలిపితే మళ్లీ గుట్కాయే. ఈ ఎత్తును సుప్రీంకోర్టు గుర్తించి, నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయాలని 2016 సెప్టెంబరులో ఆదేశించింది.

పొగాకు ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది. అందుకే టీవీలో పొగాకు కనిపించదు, అదే బ్రాండు పేరుతో యాలకులు కనిపిస్తాయి. సినిమా తార నోట్లో వేసుకునేది యాలకులే, జనానికి గుర్తుండిపోయేది మాత్రం ఆ పేరు. అభిమానుల నుంచి విమర్శలు రావడంతో 2022 ఏప్రిల్‌లో అక్షయ్ కుమార్ క్షమాపణ చెప్పి విమల్ యాలకుల ప్రకటన నుంచి తప్పుకున్నారు. అంతకు ఆరు నెలల ముందు అమితాబ్ బచ్చన్ కూడా ఒక పాన్‌మసాలా ప్రచారాన్ని వదులుకున్నారు. ఇంత జరిగినా ‘యాలకులే కదా’ అనేవాళ్లు పాన్‌మసాలా ప్యాకెట్‌ను ఒకసారి చూడాలి. నమలడం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక ముందువైపు సగభాగం ఉండాలన్నది నిబంధన.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. ‘లైట్’ సిగరెట్ తేలికైనదేమీ కాదు, తాగేవాళ్లు ఇంకా గట్టిగా పీలుస్తారు. హుక్కాలోని నీళ్లు విషవాయువును వడకట్టవు. హుక్కా పార్లర్లను తెలంగాణ 2024లో నిషేధించింది. గుట్కా జీర్ణానికి మంచిదన్నది శుద్ధ అబద్ధం.

వేపింగ్ (ఈ-సిగరెట్) విషయంలో ఒక్కటి ఒప్పుకోక తప్పదు: కాలే సిగరెట్ పొగకన్నా అందులో విషపదార్థాలు తక్కువే. కానీ తక్కువంటే లేవని కాదు. నికోటిన్ అలవాటు అందులోనూ ఉంది. సిగరెట్ ముట్టని ఇంటర్ పిల్లాడికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. పైగా 2019 చట్టం ప్రకారం దేశంలో దాని అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నేరమే.

మసాలా నమిలే అలవాటున్నవాళ్లు ఈరోజే అద్దం ముందు నిలబడి మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూసుకోవాలి. పట్టకపోయినా, కారానికి నోరు మండుతున్నా, తెల్లమచ్చలు కనిపించినా దంత వైద్యుణ్ని కలవాలి. మానడానికి సాయం కావాలంటే 1800-112-356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మడం చట్టవిరుద్ధం. కాలేజీ గేటు పక్కనే డబ్బా ఉంటే తల్లిదండ్రులు, అధ్యాపకులు చూసీచూడనట్టు వదిలేయకండి. ప్రిన్సిపాల్‌కు, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.