గోడలకు ప్యానెల్ వేయిస్తున్నారా? ముందు గోడ సంగతి చూడండి

నికాహ్ తారీఖు ఖాయమైంది. చేతిలో రెండు నెలలే టైమ్ ఉంది. దివాన్‌ఖానాలో వీధి వైపు గోడకు రంగు పొరలు పొరలుగా లేస్తోంది, కింది నుంచి రెండడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ ఇసుకలా రాలుతోంది. ఠేకేదార్ వచ్చి చూసి, "దీనికి పీవీసీ ప్యానెల్ కొడదాం అమ్మా, రెండు రోజుల్ల అయిపోతది, మల్ల రంగు ఖర్చే ఉండదు" అంటాడు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో నాలుగు డిజైన్లు పోతాయి. "అమ్మీ, మీకు ఏది నచ్చితే అది పెట్టించండి" అంటూ పైసలు వస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ప్యానెల్ పని మొదలయ్యేది ఇలాగే.

పెళ్లి రోజు గోడ మెరుస్తుంది. రెండో వానాకాలానికి గదిలో ముక్క వాసన మొదలవుతుంది. ఒక పట్టీ తీసి చూస్తే వెనుక నల్లటి బూజు, కుళ్లిన చెక్క రీపర్లు, వాటి వెంట చెదలు. ప్యానెల్ గోడను బాగు చేయదు, కనబడకుండా మాత్రమే చేస్తుంది. ముందు గాలికి కొంతైనా ఆరే తడి, ప్లాస్టిక్ వెనుక చిక్కుకుని ఎటూ పోలేక పైకి ఎక్కుతుంది. రెండడుగుల మచ్చ నాలుగడుగులు అవుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి ఆయాసం, దమ్ము లాంటి శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ గదిలో పడుకునేది తరచూ ఇంట్లో పెద్దవాళ్లూ పసిపిల్లలే.

కాబట్టి డిజైన్ పుస్తకం తెరవడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒకటిన్నర అడుగు చదరం పాలిథీన్ ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపుతో అతికించండి. రెండు రోజుల తర్వాత చూడండి. గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే తడి గోడలోనే ఉంది. గది వైపు మాత్రమే ఉంటే గాలిలో తేమ ఎక్కువని అర్థం, దానికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. ఈ పరీక్షకు ఖర్చు ఏమీ లేదు, అయినా చేయించే ఠేకేదార్లు తక్కువ.

తడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం కూడా అంత కష్టం కాదు. మచ్చ పై నుంచి దిగుతుంటే స్లాబ్ ఉరుస్తోంది, లేదా డాబా మీది నీళ్లు పోయే పైపు దగ్గర పగులు ఉంది. కింది నుంచి ఎక్కుతుంటే పునాది తడి. మధ్యలో ఒకేచోట, అదీ ఎండాకాలంలో కూడా ఉంటే గోడ అవతల బాత్రూమో, వజూ చేసుకునే నల్లానో ఉందేమో చూడండి, గోడలో పైపు కారుతుండవచ్చు. పైపు లీకు, స్లాబ్ లీకు బాగు చేయించుకోవచ్చు. పునాది తడికి మాత్రం పూర్తి చికిత్స కష్టం. బయట గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా మోరీ సరిచేయడం, లోపల పాడైన ప్లాస్టరింగ్ కొట్టేసి మళ్లీ చేయించడం, ఆ గోడను ఎప్పటికీ ప్యానెల్ లేకుండా వదిలేయడం, ఇవే తెలివైన దారి.

పాత బస్తీల్లో డంగు సున్నంతోనో మట్టితోనో కట్టిన మందపాటి గోడలు ఇంకా ఉన్నాయి. అవి తడిని పీల్చి, ఎండకు వదిలేసే గోడలు. వాటి మీద ప్లాస్టిక్ షీటు బిగించడమంటే ఊపిరి ఆడే మనిషి ముక్కు మూసినట్టే. అలాంటి గోడకు సున్నమే మంచిది. పాతకాలం పద్ధతి అని చిన్నచూపు చూడనక్కర్లేదు.

గోడ పొడిగా ఉందని తేలాక ఏ ప్యానెల్ అన్న ప్రశ్న వస్తుంది. దుకాణంలో అన్నీ ఒకేలా మెరుస్తాయి, లోపలి సరుకు మాత్రం వేరు.

ఎక్కువగా అమ్ముడయ్యేది పీవీసీ. సుమారు 10 అంగుళాల వెడల్పు, 10 అడుగుల పొడవు, లోపల బోలు గదులు. నీళ్లు తగిలినా ఉబ్బదు, చెదలు తినవు, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం. ఇంట్లో బీడీలు చుట్టే కుటుంబాలకు, కోరుట్ల వైపు అవి చాలానే, కూర్చునే చోట వీపు ఆనే గోడకు ఇది నిజంగా పనికొస్తుంది. తడిపిన తునికాకు, పొగాకు దుమ్ము, తలనూనె మరక, ఏదైనా తుడుచుకుపోతుంది. అందుకు గోడంతా వేయక్కర్లేదు, నాలుగడుగుల ఎత్తు చాలు.

పీవీసీకి పడనిది వేడి. సుమారు 80 డిగ్రీల దగ్గర అది మెత్తబడటం మొదలవుతుంది. గదిలో అంత వేడి రాదు కదా అనుకుంటాం. కానీ గ్యాస్ పొయ్యి వెనుక గోడకు వస్తుంది. వంటగదిలో పొయ్యి వెనుక టైల్ లేదా గ్రానైట్ తప్ప ఇంకేదీ వద్దు. అలాగే మే నెలలో 45 డిగ్రీలు దాటే మన దగ్గర, పడమటి కిటికీలోంచి నేరుగా ఎండ పడే గోడకు ముదురు రంగు పీవీసీ వేస్తే వంగి, జాయింట్లు తెరుచుకుంటాయి. లేత రంగు తీసుకోండి, లేదా ఆ గోడను వదిలేయండి. ఊదు, లోబాన్ వేసే దాన్ని కూడా ప్యానెల్‌కు ఆనించి పెట్టకూడదు.

ఇంకో సంగతి, బోలు పీవీసీకి నేరుగా మేకు కొట్టి బరువైన తుగ్రా ఫ్రేమో, గోడ గడియారమో వేలాడదీస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడి పడుతుంది. ఫ్రేమ్ ఎక్కడ వస్తుందో, టీవీ ఎక్కడ వస్తుందో ముందే చెప్తే కారిగర్ ఆ చోట వెనుక గట్టి చెక్క పెడతాడు, లేదా స్క్రూ గోడ దాకా దింపుతాడు. తర్వాత చెప్తే ప్రయోజనం లేదు.

ఇప్పుడు ఫ్యాషన్ లూవర్స్‌ది. నిలువు గాడులతో, చెక్కలా కనిపించే సన్నని పట్టీలు. ఇందులోనే మోసం ఎక్కువ. డబ్ల్యూపీసీ అంటే చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది, బరువుగా ఉంటుంది. పాలిస్టైరిన్‌తో చేసే పీఎస్ లూవర్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ తేలిక, దెబ్బకు సొట్ట పడుతుంది. దుకాణదారు రెండింటినీ డబ్ల్యూపీసీ అనే అంటాడు. కోసిన అంచు చూపించమని అడగండి, రెండింటినీ చేతిలో పట్టుకుని బరువు చూడండి. బిల్లు మీద సరుకు పేరు రాయించుకోండి. పీఎస్ పనికిరానిదని కాదు, టీవీ వెనుక అందని ఎత్తులో అది చాలు. డబ్ల్యూపీసీ ధరకు కొనడమే నష్టం.

సిరిసిల్లలో లూవర్స్ వేయించే ముందు ఇంకొంచెం ఆలోచించాలి. ఇంటికి ఆనుకునే సాంచాల షెడ్డు ఉంటే నూలు దుమ్ము ఆ గాడుల్లోకి చేరుతుంది. ఈద్‌కు ముందు ఒక్కో గాడిలో వేలు పెట్టి తుడవాల్సింది ఇంట్లో ఆడవాళ్లే, వాళ్లను అడిగి డిజైన్ ఎంచుకోవాలి. అలాంటి ఇంటికి నున్నటి షీటే నయం. సాంచాల అదురుకు ఒట్టి గమ్ముతో అతికించిన పట్టీలు వదులవుతాయి కాబట్టి గమ్ముతో పాటు స్క్రూలు కూడా వేయించాలి.

జాలీ డిజైన్ కావాలనుకునేవారు ఎక్కువగా ఎండీఎఫ్ తీసుకుంటారు. చెక్క నారను జిగురుతో నొక్కి చేసే ఈ షీటు మీద మెషిన్‌తో ఎంత సన్నని పువ్వైనా తెగుతుంది, రంగు చక్కగా పడుతుంది. కానీ మామూలు ఎండీఎఫ్ నీళ్లు తగిలితే బిస్కెట్‌లా ఉబ్బుతుంది, మళ్లీ మామూలు కాదు. 2021 సెప్టెంబరు వానలకు సిరిసిల్ల పట్టణంలో వీధులు నీట మునిగి, ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి అక్కడివాళ్లు మరిచిపోలేదు. లోతట్టు కాలనీల్లో ఎండీఎఫ్‌ను నేల దాకా దింపకూడదు. ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనైనా ప్యానెల్ నేలకు నాలుగైదు అంగుళాల పైన మొదలై, కింద టైల్ స్కర్టింగ్ ఉండటం మంచిది. రోజూ నేల తుడిచే తడికే అంచులు పాడవుతాయి.

ఎండీఎఫ్, ప్లైవుడ్ రెండింటిలోనూ జిగురు సంగతి అడగాలి. చవక రకాల్లోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి వస్తుంది, కొత్త ఫర్నిచర్ దగ్గర కళ్లు మండేది దాని వల్లే. దాన్ని క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. షీటు మీద ఈ1 లేదా ఈ0 అని ఉంటే ఆ వాయువు తక్కువని గుర్తు. ప్లైవుడ్‌కు ఐఎస్ఐ ముద్ర పైన ఉండే నంబరు చూడండి: 303 అంటే సాధారణ వాడకానికి, 710 అంటే నీళ్లు తట్టుకునే రకం. ప్లైవుడ్ ప్యానెల్ ఖర్చు ఎక్కువే, కానీ బరువు మోస్తుంది, మరమ్మతు చేసుకోవచ్చు. జిప్సం బోర్డు మాత్రం లోపలి పొడి గోడలకూ సీలింగ్‌కూ తప్ప బయటి గోడలకు వద్దు.

ఆన్‌లైన్‌లో దొరికే ఇటుక డిజైన్ ఫోమ్ స్టిక్కర్లు ప్యానెల్ కిందికి రావు. తేలిగ్గా అంటుకునే సరుకు, స్విచ్ బోర్డు చుట్టూ అసలే వద్దు.

కరెంటు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. పాత ఇంట్లో గోడ పైన పట్టీల్లో పోయే వైర్లను చాలామంది అలాగే ప్యానెల్ వెనుకకు నెట్టేస్తారు. తర్వాత అదే లైన్ మీద ఏసీ పెడతారు. వైర్ జాయింట్ వేడెక్కినా ఎవరికీ కనబడదు. పీవీసీ తొందరగా మంట పట్టకపోయినా, కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరి ఆడనివ్వదు. ప్యానెల్ బిగించే ముందు వైర్లన్నీ పైపుల్లోకి మార్పించాలి, ప్యానెల్ వెనుక ఒక్క జాయింట్ కూడా ఉండకూడదు. స్విచ్ బాక్సులు ప్యానెల్ పై మట్టానికి రావాలి. మూసే ముందు నాలుగు ఫొటోలు తీసి పెట్టుకుంటే రేపు డ్రిల్లు ఎక్కడ వేయకూడదో తెలుస్తుంది. రీపర్లు కూడా చవక చెక్కవి కాకుండా అల్యూమినియం లేదా జీఐ చానెల్ పెట్టిస్తే చెదల బెడద ఉండదు.

లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపుటడుగులు. 10 అంగుళాల ప్యానెల్ అయితే 144ను 10తో భాగించి 15 పట్టీలు కావాలి. రేటు గోడ కొలత మీదా, తెచ్చిన ప్యానెల్ కొలత మీదా అని ముందే అడగండి. మూల పట్టీలు, చానెల్, మజూరీ ఆ రేటులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. పాత ఇళ్లలో సీలింగ్ 11, 12 అడుగులు ఉంటుంది, 10 అడుగుల ప్యానెల్ అందదు. అతుకు ఎక్కడ వస్తుందో, దాన్ని ఏ పట్టీతో కప్పుతారో అడగాలి. చిన్న గదికి అన్ని గోడలకూ వేయొద్దు. చానెల్‌తో కలిపి ఒక్కో గోడ దగ్గర అంగుళంన్నర, రెండంగుళాలు పోతాయి. ఒకే గోడకు వేస్తేనే అందం. నమాజ్ చదివే గదిలో ఖిబ్లా వైపు గోడను సాదాగా ఉంచడమే చాలామందికి ఇష్టం, మెరిసే షీటులో ఎదురుగా మన నీడే కనబడుతుంది.

ఇక ఆ పెళ్లి ఇంటి సంగతి. రెండు నెలల్లో తడి గోడ ఆరదు. ఎండాకాలంలో లీకులు బాగు చేయించి, ఒక వానాకాలం గడిపి చూసి, చలికాలంలో ప్యానెల్ వేయించడం సరైన క్రమం. నికాహ్ అంతవరకు ఆగదు కాబట్టి, వీధి గోడకు రాలే ప్లాస్టరింగ్ తీయించి సున్నం వేయించండి. ప్యానెల్ ముచ్చటను ఎదురుగా ఉన్న లోపలి పొడి గోడ మీద తీర్చుకోండి. ఫొటోల్లో కనబడేదీ ఆ గోడే. పరదేశంలో ఉన్న కొడుక్కి డిజైన్లతో పాటు ఆ తడి మచ్చ ఫొటో, పాలిథీన్ పరీక్ష ఫొటో కూడా పంపండి. ఠేకేదార్‌కు మొత్తం పైసలు ఒకేసారి ఇవ్వకుండా, కొంత చివరికి ఉంచుకుని, పని ముగిశాక ప్రతి జాయింటూ చేత్తో నొక్కి చూసి, స్విచ్‌లన్నీ వేసి చూశాకే మిగతాది చెల్లించండి.