కంటి జబ్బు పట్టే ఏఐ: స్కోర్ సరే, క్లినిక్‌లో సంగతేంటి?

కొత్త ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్ చూస్తాం. వెంటనే "రోజువారీ వాడకంలో ఎలా ఉంది?" అని కూడా అడుగుతాం. వైద్యంలోకి వస్తున్న ఏఐని కూడా ఇదే ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. అందుకు మంచి ఉదాహరణ డయాబెటిక్ రెటినోపతి.

షుగర్ వల్ల రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతినడమే ఈ జబ్బు. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ మామూలుగానే ఉంటుంది. తేడా తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. ముందే పట్టుకుంటే లేజర్‌తోనో, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతోనో చాలామందికి చూపు కాపాడొచ్చు. రెటీనా ఫొటోలో దీని గుర్తులు కనిపిస్తాయి కాబట్టి ఏఐకి ఇది సరిగ్గా సరిపోయే పని.

2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా ఫొటోలతో ట్రైనింగ్ ఇచ్చిన మోడల్ ఫలితాలను జామా జర్నల్‌లో ప్రచురించారు. ఆ ఫొటోల్లో మన దేశంలోని కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. స్క్రీనింగ్‌కి తగ్గ సెట్టింగ్‌లో, డాక్టర్‌కి చూపించాల్సిన కేసుల్ని రెండు టెస్ట్ సెట్లలో 97.5%, 96.1% పట్టేసింది. అదిరిపోయే స్కోర్!

తర్వాత గూగుల్ సిస్టమ్‌ని థాయ్‌లాండ్ క్లినిక్‌లలో వాడి చూశారు. అక్కడ ఫొటోలు తీసేది నర్సులు. కొన్నిచోట్ల గదిని చీకటి చేసే వీల్లేదు, ఫొటో మసగ్గా వచ్చేది. క్వాలిటీ చాలకపోతే సిస్టమ్ రిజల్ట్ ఇవ్వదు. మొదటి 6 నెలల్లో 1,838 ఫొటోల్లో 21% ఇలా రిజెక్టయ్యాయి. ఆ పేషెంట్లు ఇంకో రోజు స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాలి. నెట్ స్లో అయితే క్యూ కూడా ఆగేది. 2020లో వచ్చిన పేపర్‌లో గూగుల్ పరిశోధకులే ఇదంతా రాశారు.

కోడ్ రాసేవాళ్లకి ఇది తెలిసిన కథే. టెస్ట్ డేటా వేరు, ప్రొడక్షన్‌లో వచ్చే ఇన్‌పుట్ వేరు.

ఐడీఎక్స్-డీఆర్ అనే ఇంకో సిస్టమ్‌ని అమెరికాలో 10 ప్రాథమిక వైద్య క్లినిక్‌లలో, 900 మంది షుగర్ పేషెంట్ల మీద పరీక్షించారు. 87% కేసుల్ని పట్టింది. 2018లో ఎఫ్‌డీఏ అనుమతీ వచ్చింది. కొలిచిన తీరు, పేషెంట్లు వేరు కాబట్టి 97నీ 87నీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. కానీ అసలు వాడే చోటే కొలిచారు చూడండి, నాకు నచ్చింది అదే.

ఈసారి "97% కచ్చితత్వం" అనే హెడ్‌లైన్ కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఫొటో ఎవరు తీశారు? ఎన్ని రిజెక్టయ్యాయి? రిజెక్టయిన పేషెంట్ సంగతేంటి?

ఇంకో మాట. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా చెకప్ చేయించండి. దానికి ఏ ఏఐ కోసమూ ఆగక్కర్లేదు.