బోరులో నీళ్లు ఎందుకు ‘పడతాయి’?

దర్శి, పొదిలి వైపు మెట్టల్లో ఎక్కడైనా బోరు వేస్తున్నారంటే, దారిన పోయే ప్రతివాడూ ఆగి అడిగేది ఒకటే: “నీళ్లు పడ్డాయా?” నీళ్లు వచ్చేదేమో అడుగునుంచి పైకి. పడడమంటే పైనుంచి కిందికి రావడమని కదా మనకు తెలిసింది! మరి ఉబికివచ్చే నీటిని పడ్డాయంటే ఎవరికీ తప్పుగా ఎందుకు తోచదు?

పడు అంటే కింద పడడమేనన్న లెక్క సరికాదు గనక. ద్రావిడ భాషల్లో ఈ ధాతువుకు జరగడం, కలగడం, అనుభవించడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. తమిళంలోనూ కన్నడంలోనూ మనలాగే కష్టానికీ భయానికీ పడు చేరుస్తారు. బోరులో నీళ్లు పడ్డాయంటే నీళ్లు దొరికాయని, మన అదృష్టానికి తగిలాయని. మొక్క మీంచి నిజంగా కింద పడే వాటికి రైతు దగ్గర వేరే మాట ఉంది. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే ప్రత్తిలో పూత, గూడ “రాలింది” అంటాడు. పడిందనడు.

సరే, ఎప్పుడు పడు అంటారు, ఎప్పుడు అనరు? పొలంలో మనిషి చేసే పనులు చూడండి. అచ్చు తోలతారు, ప్రత్తి గింజలు పెడతారు, మిరప నారు పోస్తారు, ఎరువు వేస్తారు, గుంటక తోలతారు, మందు కొడతారు, కాయ కోస్తారు, ప్రత్తి తీస్తారు. ప్రతి పనికీ దాని క్రియ దానికుంది. ఇక మనిషి చేతిలో లేనివి: వాన పడుతుంది, మంచు పడుతుంది, పురుగు పడుతుంది, ఖాతాలో డబ్బులు పడతాయి. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప తోటల మీద నల్ల తామర పురుగు వచ్చి పడింది. పూతలో దూరి రసం పీల్చే ఆ పురుగు మీద రైతు కొట్టిన మందులెన్నో. కొట్టడం మన పని, పడడం దాని పని.

మిరప కళ్లంలో ఈ క్రియ మరో వేషం కడుతుంది. కాయ ఎర్రబడుతుంది. ఎండకు గట్టిపడుతుంది, మంచుకు మెత్తబడుతుంది. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అని వేరుచేస్తారు, దానికి వచ్చే ధరే వేరు. ఎవరూ రంగు వేయలేదు, తనంతట తనే మారింది గనక పడు చేరింది. అన్నిటికీ ఇది కుదురుతుందనుకోకండి. చల్లబడడం ఉంది గాని వేడిబడడం లేదు, వేడెక్కడమే. వాడుక సూత్రానికి సగం దూరమే తోడొస్తుంది.

ఖర్చు దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. “ఎకరం కౌలు ఎంత పడింది?” అంటే ఎంత ఖర్చయిందని. “రేటు పడిపోయింది” అంటే తగ్గిందని. పక్కన చేరిన ‘పోయింది’తో అర్థం నష్టం వైపు తిరిగింది. “ఆ మందు నాకు పడలేదు” అంటే ఒంటికి సరిపోలేదని. “వాళ్లిద్దరికీ పడదు” అంటే పొసగదని. “నేను మాట పడను” అంటే నింద భరించనని. నిజంగా కింద పడడం వీటిలో ఒక్కదానిలోనూ లేదు.

ఇలా ఒక్క మాట మీద ఇన్ని పనులు మోపడం మన ఒక్కరి అలవాటు కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తయింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టింది సెట్ అనే మూడక్షరాల క్రియకే. తెలుగు ధాతువుల పుట్టుపూర్వోత్తరాలు తవ్విన భద్రిరాజు కృష్ణమూర్తి కూడా సరిగ్గా ఆ 1928లోనే ఒంగోలులో పుట్టారు. ఆయన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో అమెరికాలో అచ్చయింది. ఆ మరుసటి ఏడే ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటి వచ్చింది. ధాతువుల మీద అంత పని చేసినాయన రైతుల మాటలు ఏరడానికి కూర్చున్నారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. క్రియల మధ్య తేడా అంత ఖచ్చితంగా పాటించేవాళ్లు ఇంకెవరున్నారు?

ఇంతకీ ఈ పడు ఎక్కువగా దాగింది రైతు పద్దుపుస్తకంలో. పెట్టుబడి, దిగుబడి, రాబడి. వీటి చివరనున్న ‘బడి’ పలకాబలపాల బడి కాదు, పడు తాలూకుదే. మామూలుగా పెట్టు, పడు ఎదురెదురు మాటలు: ఒకడు భయపెడితే ఇంకొకడు భయపడతాడు, ఒకడు బాధపెడితే ఇంకొకడు బాధపడతాడు. పెట్టుబడిలో మాత్రం రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. పెట్టేవాడూ పడేవాడూ ఒకడే కావడం, నా మటుకు, కౌలురైతుకు అచ్చంగా అతికినట్టుంటుంది.

ఒక్కచోట మాత్రం పడు జనం నోట పలకదు, బోర్డుల మీదే ఉంటుంది: “ఇచ్చట పాత గోతాలు కొనబడును.” కొనన్ అనే రూపానికి పడు చేరితే పకారం బకారమై ‘కొనబడు’ అయింది. ఆ కొట్టులో కూర్చున్న మనిషిని అడిగి చూడండి, “కొంటామండీ, తీసుకురండి” అంటాడే తప్ప కొనబడును అనడు. కొనేదెవరో చెప్పాల్సిన పని లేకుండా చేస్తుంది గనక ఆఫీసు నోటీసులకూ కోర్టు కాగితాలకూ ఆ రూపం బాగా నచ్చింది. బేరమాడేచోట ఎదుటి మనిషి ఎవరో తెలియాలి కదా, అందుకే అక్కడ చెల్లలేదు.