నీళ్లు పోస్తే సరిపోదు

మాది జగిత్యాల జిల్లా. సౌదీలో ట్రెయిలర్ నడుపుతున్నాను. నిరుడు జులైలో రియాద్ నుంచి దమ్మామ్ వెళ్తుంటే ఇంజిన్ వేడి ముల్లు ఎర్రగీత దాకా పోయింది. దాదాపు 400 కిలోమీటర్ల ఎడారి దారి. బండి ఆపి, ఇంజిన్ చల్లారాక కూలెంట్ ట్యాంకులో నీళ్లు పోసి నడిపాను. మర్నాడూ అంతే. ‘పోసుకుంటూ నడుపు’ అన్నాడు సూపర్‌వైజర్. ఇంజిన్ పట్టేస్తే జీతంలో కోత పడేది నాకే.

క్యాంపులో నిజామాబాద్ అన్నకు చెప్పాను. ‘‘తమ్మీ, నీళ్లు పోసుడు కాదు, అవి ఎటు పోతున్నయో చూడాలె’’ అన్నాడు.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూశాం. బండి కింద చుక్క లేదు. రేడియేటర్, పైపులు, వాటర్ పంపు పొడిగానే ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బాగుంది. మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ. హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు అన్న. నీళ్లు సిలిండర్‌లోకి దిగి ఆవిరైపోతున్నాయట. ఆయిల్ మాత్రం పాలలా తెల్లబడలేదు, అదే అదృష్టం.

అదంతా వీడియో తీసి సూపర్‌వైజర్‌కు పంపి, బండి కదపనన్నాను. రెండు రోజులకు వర్క్‌షాపులో హెడ్ విప్పి గాస్కెట్ మార్చారు. జీతంలో కోత పడలేదు.

డ్రైవర్ అన్నలూ, తమ్ముళ్లూ! ఇంజిన్ వేడిగా ఉంటే మూత తిప్పకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. రోజూ ఎన్ని లీటర్లు పోశారో రాసిపెట్టుకోండి. కింద చుక్క పడకుండానే నీళ్లు తగ్గుతుంటే బండి ఆపేయండి.