బొమ్మకు మాట తోడైతే

ఒక కుటుంబపు జ్ఞాపకాలు నేడు పలుచోట్ల చెల్లాచెదురుగా ఉంటున్నాయి. తాతగారి కాలం నాటి నలుపు తెలుపు ఫొటోలు ట్రంకుపెట్టెలో ఉంటాయి. పెద్ద కుమారుని నికాహ్ వీడియో క్యాసెట్టులో, పసివాని తొలి అడుగులు తల్లి సెల్‌ఫోనులో, గడచిన ఈద్ దృశ్యాలు పరదేశంలోని తమ్ముని వద్ద ఉంటాయి. వీటన్నింటినీ ఒకే గృహచిత్రంగా కూర్చుకోవడం ఇప్పుడు సామాన్యులకూ సాధ్యమే. షాట్‌కట్, ఓపెన్‌షాట్ వంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తున్నాయి.

అయితే వీడియోకు, ఫొటోకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. వీడియోలో మనిషి కదలికతోపాటు కంఠస్వరమూ నిలుస్తుంది. ఫొటోలో నిలిచేది రూపం మాత్రమే. ఆ రూపం ఎవరిదో చెప్పగలవారు ప్రతి ఇంటా ఒకరిద్దరే మిగిలి ఉంటారు. దాదీ, నానీ వంటి పెద్దలు కనుమరుగైతే ఫొటోలు ఉంటాయి గాని, వాటిలోని మనుషులు పేరులేనివారవుతారు. అందుచేత గృహచిత్రం తలపెట్టినవారు ముందుగా ఆల్బమ్ తీసుకొని పెద్దల చెంత కూర్చోవాలి.

ఫ్యాను, టీవీ ఆపివేసి, ఫోనును వారికి జానెడు దూరంలో ఉంచి మాటలు రికార్డు చేయాలి. ఒక్కొక్క ఫొటోకు ముందుగా దాని సంఖ్య పలకాలి. "వీరెవరు? ఇది ఎక్కడ తీశారు? అప్పటికి మీ వయసెంత?" అని అడిగి, వారిని తీరికగా చెప్పనివ్వాలి. పెద్దలు అలసిపోకుండా పూటకు పదిహేను నిమిషాలు చాలు.

తరువాతి పని సేకరణ. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోల నాణ్యత తగ్గిపోతుంది. బంధువులను వాటిని డాక్యుమెంటు రూపంలో పంపమని కోరాలి. పాత ఫొటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే స్పష్టంగా వస్తాయి. వీడియో క్యాసెట్ల విషయంలో మాత్రం జాప్యం తగదు. టేపు ఏళ్లు గడిచేకొద్దీ క్షీణిస్తుంది. దానిని ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లోనే నిలిచిపోయింది.

ఇక కూర్పు. అన్నింటినీ కాలక్రమంలో అమర్చాలి. పెద్దల మాట ఉన్న ఫొటోను ఆ మాట ముగిసేవరకు తెరపై ఉంచాలి. మాట లేని ఫొటోకు 5 సెకన్లు సరిపోతాయి. ఆ లెక్కన 60 ఫొటోలకు 5 నిమిషాలు పడుతుంది. కొన్ని ఫొటోల తరువాత ఒక వీడియో తునక వస్తే చూసేవారికి విసుగు కలగదు. తునకలోని సహజ ధ్వనిని తొలగించకూడదు. పిల్లల కేరింతలు, వంటింటి సందడి కూడా జ్ఞాపకాలే. పాత క్యాసెట్టు దృశ్యం వెడల్పు, ఎత్తులు 4:3 నిష్పత్తిలో ఉంటాయి. నేటి టీవీ తెర 16:9. తెర నిండాలని దృశ్యాన్ని సాగదీస్తే ముఖాలు వికారమవుతాయి. ఇరువైపులా నల్లని ఖాళీ వదలడమే మేలు. నిలువుగా తీసిన ఫోను వీడియోకూ ఇదే పద్ధతి. చివరగా మాటల ధ్వని, వీడియోల ధ్వని ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో సరిచూడాలి.

ఇంటివారి కోసం తీసిన చిత్రం ఇంటివారి మధ్యనే ఉండాలి. పరదా పాటించే స్త్రీలు ఆంతరంగిక వేడుకల్లో తీయించుకున్న ఫొటోలను వారి సమ్మతి లేనిదే చేర్చరాదు. యూట్యూబ్‌లో జాబితాకు ఎక్కకుండా ఉంచిన వీడియోనైనా, లింకు చేజిక్కినవారెవరైనా చూడగలరని మరువరాదు.

పూర్తయిన చిత్రాన్ని ఎంపీ4 రూపంలో భద్రపరిస్తే ఫోనులోనూ, టీవీలోనూ ఆడుతుంది. మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉంచాలి. మూల ఫొటోలను, పెద్దల మాటల రికార్డును కూడా విడిగా దాచాలి.

కూర్పు పని వచ్చే సెలవుల్లోనైనా చేసుకోవచ్చు. పెద్దల స్వరాన్ని రికార్డు చేసే పనిని మాత్రం ఈ వారమే, పది ఫొటోలతోనైనా ప్రారంభించండి.